పొట్టి గుమ్మాల ఇల్లు

పోయిన ఆదివారం, ఇక్కడ సింగపూర్‌లో, పాయా లేబర్ దగ్గర ఒక మాల్‌లో కొత్తగా తెరిచిన కాఫీ దుకాణానికి మా అమ్మాయి మమ్మల్ని తీసుకువెళ్ళింది. పాతకాలపు ఇంగ్లీషు రైతు ఇంటిలాగా అలంకరించారట, నాన్నకి నచ్చుతుందని దాని ఆశ. అలంకారమంటే ఏముంది, నున్నటి గోడకి రాళ్ళ బొమ్మలున్న పలకలు అతికించి, పైన నల్లరంగు పూసిన దూలాలు తగిలించి, లోపలి గదిలోకి పోయేచోట గుమ్మాన్ని కావాలనే కురచగా పెట్టి, ఫొటోలు తీసుకునేవాళ్ళ కోసం పక్కనే ఒక గడ్డి మోపు కూడా ఉంచారు. మా ఆయన ఆ గుమ్మం వైపు తిన్నగా నడిచారు, నుదురు వెళ్ళి పై దూలానికి తగిలింది. దూలమంతా స్పాంజిలాంటి సరుకు కాబట్టి దెబ్బేమీ తగల్లేదు, దూలమే కాస్త లోపలికి నొక్కుకుని మళ్ళీ లేచింది. మా మనవరాలు పరుగెత్తుకొచ్చి ఆయన నుదురు రుద్దుతూ, "ఫేక్ లా తాతా, ఏం కాలేదు లా" అని ఈ ఊరి పిల్లల యాసలో నవ్వించబోయింది. నేను మాత్రం అక్కడే, కాఫీలు తాగేవాళ్ళందరి మధ్యా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

"అమ్మా, ఫోమ్ అది. గీత కూడా పడలేదు. అందరూ చూస్తున్నారు, ప్లీజ్" అని అమ్మాయి నా చెయ్యి నొక్కింది.

దెబ్బ తగిలిందని కాదు నేను ఏడ్చింది. ఆయన వంగలేదని. ఆ సంగతి దానికి చెప్పినా అర్థం కాదు, ఆ దుకాణంలో చెప్పుకునే విషయమూ కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని నా ఈడు వాళ్ళతో చెప్పుకుంటున్నాను.

మా ఆయనకి కొన్నేళ్ళుగా మరపు. మీ ఇళ్ళలోనూ ఎవరో ఒకరు ఇలా ఉండే ఉంటారు కాబట్టి జబ్బు పేరు చెప్పి విసిగించను. మొదట తాళాలు, తర్వాత వారాలు, ఆ తర్వాత మనుషులు. ఆంగ్ మో కియోలోని ఈ ఫ్లాటులో మేము ముప్ఫై ఏళ్ళకి పైగా ఉంటున్నామా, ఉన్న ఇళ్ళలో అదే ఆయనకి ముందుగా పోయింది. స్నానాల గది ఎటో తెలియక హాలు మధ్యలో నిలబడిపోయేవారు. చిత్రమేమిటంటే ఇంతకంటే ఎంతో ముందు, పెళ్ళయిన కొత్తలో, ఉత్తర ఇంగ్లండులో మేము కాపురమున్న రాతి ఇల్లు మాత్రం ఆయనలో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఫ్లాటులో తిరుగుతూ ఆయన ఆ ఇంట్లో తిరిగేవారు. ఆ ఇంట్లో గుమ్మాలన్నీ పొట్టివి, ఆయనేమో పొడగరి. అందుకని ఇక్కడి ఎత్తయిన గుమ్మాల దగ్గర కూడా ఆగి, నేను "తల" అనగానే తల వంచి దాటేవారు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఆయన్ని స్నానానికీ అన్నానికీ పడకకీ తిప్పుతూ వచ్చాను. డాక్టరమ్మా అమ్మాయీ కలిసి ఏడాదిగా ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో చేర్పిద్దామంటున్నా, ఆయనకి ఇంట్లో దారి తెలుస్తోంది కదా అని వాళ్ళ నోరు మూయిస్తూ వచ్చాను. ఇంగ్లీషువాళ్ళు దానికి కూడా హోమ్ అనే పేరు పెట్టారు, ఏం చాతుర్యమో.

అలాంటి మనిషి, ఇన్నేళ్ళూ వంగనక్కర్లేని చోటల్లా వంగిన మనిషి, నిజంగా పొట్టిగా ఉన్న గుమ్మం ఎదురైతే నిటారుగా వెళ్ళి ఢీకొన్నారు. ఆ ఇల్లు ఆయనలోంచి పోయింది. నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది.

ఇక ఆ ఇంటి సంగతి. మా ఆయనది గోదావరి పక్క, నాది కడప జిల్లా. పాత కట్టడాలను మరమ్మతు చేసేముందు కొలతలు తీసి బొమ్మలు గీసే ఆఫీసొకటి ఆయనకి ఇంగ్లండులో ఉద్యోగమిచ్చింది. టౌనులో అద్దెలు మాకు అందేవి కావు. యార్క్‌షైర్ కొండల్లో ఒక ముసలి రైతు వితంతువు తన ఇంటిలో కింది భాగం అద్దెకిస్తానంటే, ఇల్లు చూడకుండానే ఒప్పేసుకున్నాము. నేను ఆమెను అవ్వ అనేదాన్ని. ఆ మాటకి అర్థమేమిటో ఆమె ఎన్నడూ అడగలేదు, పిలిస్తే మాత్రం పలికేది.

మేము చేరిన సాయంత్రం వాన. చేతుల్లో పెట్టెలు, కాళ్ళకింద బురద, ఎదురుగా కొండరాళ్ళలోంచే లేచినట్టు పొడవాటి బూడిదరంగు ఇల్లు. తలుపు పైన అడ్డంగా ఒకే రాయి, దాని మీద ఎప్పటివాళ్ళవో పేర్ల పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. మా ఆయన ఆ అక్షరాలు చూస్తూ లోపలికి అడుగేసి అదే రాయికి నుదురు కొట్టుకున్నారు. కొత్త పెళ్ళికూతురినన్న సంగతి మరిచిపోయి నేను పకపకా నవ్వాను. నా ఎత్తుకి ఆ గుమ్మం సరిగ్గా సరిపోయింది, వంగే పనే లేదు.

నాకు అలాంటి గుమ్మాలు కొత్త కాదు. మా జేజి, అదే మా నాయనమ్మ, ఇల్లు కూడా రాతి ఇల్లే, బండలు పరిచిన మిద్దె, పొట్టి గుమ్మాలు. మా జేజి లోపల కూర్చుని ఒక కన్ను వాకిలి మీద ఉంచి, ఎవరు అడుగు పెట్టినా, తాసిల్దారయినా సరే, "తల, తల" అనేది. రండి అనడానికి కూడా మా ఇంట్లో అదే మాట. ఆ మర్నాటి నుంచి నేనూ మొదలుపెట్టాను. వంటింట్లో ఉన్నా ఆయన అడుగుల చప్పుడు వినపడగానే "తల" అనేదాన్ని, ఆయన వంగి వచ్చేవారు. పెళ్ళయిన కొత్తలో మొగుడితో ఏం మాట్లాడాలో తెలియని నాలాంటిదానికి ఆ ఒక్క మాట ఎంత ఆసరా అయిందో నాకే తెలుసు.

ఇల్లు ఎలా ఉండేదంటే, పొడవునా ఒకటే కప్పు కింద మనుషులూ పశువులూ. ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా మధ్యలో అడ్డంగా ఒక నడవ, పై పక్కన మనుషులు, కింది పక్కన పశువులు. నేల కూడా కింది పక్కకే వాలుగా ఉండేది, పేడనీళ్ళు మనుషుల వైపు రాకుండా. మా ఊళ్ళోనూ అంతే, ఎద్దుల గాడి దాటుకుంటూనే మేము ఇంట్లోకి పోయేవాళ్ళం, కాబట్టి నాకు ఆ ఇల్లు చూడగానే అర్థమైంది. అరుగులూ మండువా లోగిలీ మధ్య పెరిగిన మా ఆయనకి మాత్రం అది ఒక వింత. మాకు అద్దెకిచ్చింది ఒకప్పుడు పశువులు కట్టేసిన వైపు గది. మేత వేసే గాడిని కూడా తియ్యలేదు, అందులో నేను ఉల్లిపాయలు పోసుకున్నాను. నేను పశువుల కొట్టంలో కాపురం పెట్టానని మా అత్తగారికి ఆఖరు దాకా చెప్పలేదు, చెబితే తను పెట్టిన వెండి కుంకుమభరిణె సంగతి ఏమవుతుందోనని ఆవిడ బెంగపడేది.

ఆదివారం వస్తే మా ఆయన కొలతల టేపు తీసేవారు. ఆఫీసు పని కాదు, ఆ ఇంటి మీద ఆయనకి పుట్టిన మోజు అంతే. టేపు ఒక కొస ఆయనది, అవతలి కొస నాది. మూలమట్టం పెట్టి చూస్తే ఆ ఇంట్లో ఒక్క మూల కూడా తిన్నగా లేదు. రాతిబండల నేల అలలు అలలుగా ఉండేది. గోడ అని మనం అనుకునేది నిజానికి రెండు గోడలనీ, బయటి ముఖం ఒకటి లోపలి ముఖం ఒకటి కట్టి మధ్యలో చిన్నరాళ్ళూ మట్టీ కూరారనీ ఆయనే చెప్పారు. ఆ రెండూ విడిపోకుండా అక్కడక్కడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడుగు రాళ్ళు వేశారు, వాటి కొసలు బయట వరసగా పొడుచుకొచ్చి కనపడేవి. అవే లేకపోతే రెండు గోడలూ దూరం జరిగి, కడుపు ఉబ్బి, ఒకనాడు కూలిపోతాయట. ఆయన ఆ రాతికొసల మీద చెయ్యి వేసి ఒక్కొక్కటే నాకు చూపించేవారు, నేను చలికి ముడుచుకుంటూ అవునవును అనేదాన్ని. రాళ్ళ మధ్య అంతా మట్టీ సున్నమే. అవ్వ భర్త ఒకచోట సిమెంటు పూస్తే అక్కడే చెమ్మ పట్టి పెచ్చులు ఊడాయని, గోడకి ఊపిరాడాలోయ్ అని ఆయన తెగ బాధపడేవారు. ఈమధ్య కూడా, మరపు బాగా ముదిరాక, మా ఫ్లాటు గోడ మీద అరచెయ్యి ఆనించి, దీనికి ఊపిరాడటం లేదండీ అని ఎవరితోనో ఫిర్యాదు చేసినట్టు అన్నారు.

కిటికీలు సన్నటివి, మధ్యలో రాతి కమ్మీలు. ఎప్పుడో రాజులకాలంలో కిటికీల మీద పన్ను వేస్తే రెండు కిటికీలు రాళ్ళతో పూడ్చేశారట. లోపలి నుంచి చూస్తే అవి మన గూళ్ళలాగే ఉండేవి, ఒక గూట్లో నేను దీపం పెట్టుకున్నాను. పన్ను వేసిన రాజుకి దండం పెట్టుకోవాలోయ్, దేవుడికి చోటు ఇచ్చాడు అని మా ఆయన ఏడిపించేవారు. కప్పు కూడా రాతి పలకలే, చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. ఆ బరువుకి దూలాలు నడుములు వంగిపోయి ఉండేవి. మా కడప బండల మిద్దె కింద పడుకున్నదాన్ని కాబట్టి నాకు భయం వెయ్యలేదు. ఆయన మాత్రం మొదటి వారమంతా పైకి చూస్తూనే నిద్రపోయారు.

పొయ్యి అవ్వ వైపు గదిలో ఉండేది. పొయ్యి అంటే ఒక గదంత, లోపల కూర్చోవడానికి మూలన రాతి అరుగు, పైన పొగచూరిన పెద్ద దూలం, పక్క గోడలో ఉప్పు చెమ్మెక్కకుండా చిన్న తలుపున్న గూడు. ఆ గూట్లో అవ్వ ఉప్పు పక్కన నా చింతపండుకీ చోటిచ్చింది. ఆ చలికాలం మంచు పడి దారి మూసుకుపోయి మా కొట్టం గది ఉండటానికి వీల్లేనంత చల్లబడితే, ఆమె మమ్మల్ని తన వైపుకి పిలుచుకుంది. నాకప్పుడు నెలలు నిండుతున్నాయి, పొయ్యి లోపలి రాతి అరుగు నాది. నేను ఏ పనికైనా లేస్తే అవ్వగారి కుక్క ఎక్కి కూర్చునేది. కుక్కని ఏమీ అనలేక మా ఆయన తన ఉన్ని టోపీ తీసి ఆ అరుగు మీద పెట్టి కాపలా ఉండేవారు. నేను తిరిగి వచ్చేదాకా ఎవరినీ, అవ్వని కూడా, కూర్చోనిచ్చేవారు కాదు. అవ్వ ఆయన్ని చూసి తలాడించి నవ్వేది. నా జీవితంలో నాకంటూ ఒక చోటును ఎవరైనా అంతగా కాపాడారా అంటే, ఆ చలికాలమే.

మా అమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది. తర్వాత ఆఫీసులో పనులు తగ్గిపోయాయి, సింగపూర్‌లో ఫ్లాట్లు కట్టే కంపెనీలో ఉద్యోగం దొరికింది, వచ్చేశాము. ఆ ఇంటికి ఆయన గీసిన కొలతల బొమ్మలన్నీ అవ్వకే ఇచ్చేశాము, ఆమె ఇల్లే కదా అని. ఇక్కడ ఆయన గీసినవన్నీ ఒకే కొలత గుమ్మాలు, అంతస్తు మీద అంతస్తు. కొత్తలో అలవాటు చొప్పున నేను "తల" అంటే, ఆయన నన్ను నవ్వించడానికి బాగా వంగి దాటేవారు. నాలుగు రోజులకి నేనూ మానేశాను, ఆయనా మానేశారు. కాలం ఎటు పోయిందో పోయింది. ఆయనకి మరపు మొదలయ్యాక, ఒక పొద్దున వంటింటి గుమ్మం దగ్గర ఆగి మెడ వంచి నిలబడి, నా వైపు చూస్తూ ఎదురుచూశారు. "తల" అన్నాను. వంగి లోపలికి వచ్చారు. అప్పటి నుంచి అదే మా దారి.

ఇంకొక అలవాటు కూడా పట్టింది ఆయనకి. ఈ ఊళ్ళో హాకర్ సెంటర్ అనే తిండి అంగళ్ళ చోట బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి వెళితే ఆ చోటు మనదే, ఎవరూ తాకరు, దాన్ని చోప్ చెయ్యడం అంటారు. మా ఆయన ఇంట్లో తన పక్క కుర్చీని అలా చోప్ చేసేవారు. చొక్కా జేబులోంచి పొట్లం తీసి కుర్చీలో పెట్టి, నేను కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టి, మనిషి ఉన్నారండీ అనేవారు. ఎవరంటే చెప్పేవారు కాదు. మనవరాలు పడీపడీ నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది, కాళ్ళు లాగుతూ వంటింట్లోంచి వచ్చి కూర్చోబోతే ఈ గొడవేమిటని. విసురుగా వెళ్ళి వేరే కుర్చీలో కూర్చునేదాన్ని.

కాఫీ దుకాణం నుంచి వచ్చిన సాయంత్రం మా గుమ్మం దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని "తల" అన్నాను. ఆయన తల మీద ఏదో పడిందనుకుని జుట్టు తడుముకున్నారు. మళ్ళీ అన్నాను, ఇంకా గట్టిగా అన్నాను. ఆయనకి భయం వేసింది. మర్నాడు స్నానాల గది ముందు, పడకగది ముందు, తల తల అంటూ నేను పిచ్చిదానిలా తిరిగాను, నా వెనక ఆయన తడిసిన లుంగీతో హాలు మధ్యలో నిలబడిపోయారు. ఆ మధ్యాహ్నం నేను పొయ్యి మీద పాలు చూసుకుంటుండగా తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. కింది అంతస్తు తమిళావిడ బస్సు స్టాపులో చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఎక్కడికి పోతున్నారు అంటే ఇంటికి అన్నారట. ఏ ఇంటికి అని ఆవిడ అడిగితే మాట రాలేదట.

పక్క బ్లాకులోనే ఉండే మా అమ్మాయి ఆఫీసు బట్టల్లోనే పరుగెత్తుకొచ్చింది. "ఇంక మన వల్ల కాదమ్మా. నువ్వు పడిపోతావు, తర్వాత నేను ఇద్దరిని చూసుకోవాలి. శనివారం హోమ్ చూడ్డానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, జస్ట్ చూద్దాం" అంది.

"యాడికీ పంపియ్యను. ఆయనకి ఆ ఇల్లు గుర్తొస్తే చాలు, దారి అదే తెలుస్తాది" అన్నాను. కోపం వస్తే నాకు కడప మాటే వస్తుంది.

అది పాపం ఫోనులో వెతికి ఆ ఇంటి ఫొటోలు పట్టుకుంది. అవ్వ ఎప్పుడో పోయింది, ఇప్పుడు అది సెలవులకి వచ్చేవాళ్ళకి అద్దెకిచ్చే విడిది. మా కొట్టం వైపు గోడ తీసేసి అద్దాలు పెట్టారు. రాతిబండలు లేపి నేలను లోతుగా తవ్వించారట, వచ్చినవాళ్ళకి తల తగలకుండా. ఫొటోలో ఆ గుమ్మం కింద ఒక పొడగరి నిటారుగా నిలబడి నవ్వుతున్నాడు. ఆయనకి చూపించాను. "బాగుందండి. ఎవరిదండీ?" అన్నారు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఫొటోలో ఇల్లు మారిపోయింది, బొమ్మలు మా దగ్గర లేవు, కానీ టేపు అవతలి కొస పట్టుకున్నది నేనే కదా. ఆ ఇల్లు నా చేతుల్లో ఉంది. మర్నాడు అమ్మాయి ఆఫీసుకి వెళ్ళాక సోఫాని గోడకి జరిపి, పండగలకని దాచుకున్న ముగ్గు పిండి డబ్బా తీసుకుని హాలులో కూర్చున్నాను. మోకాళ్ళు ఏడిపిస్తున్నా ఒక మూల నుంచి మొదలుపెట్టి గీశాను. గోడకి రెండు గీతలు, మధ్య ఎడం, అక్కడక్కడ అడ్డంగా పొడుగు రాళ్ళు. నడవ, దాని రెండు కొసలా తలుపుల ఖాళీలు. కింది పక్క మా గది, గాడి. పై పక్క అవ్వ గది, పొయ్యి, మూలన రాతి అరుగు, ఉప్పు గూడు, పూడ్చిన కిటికీలు. ఏ మూలనీ తిన్నగా వెయ్యలేదు, అవి ఎటు వంకరో అటే వంకరగా వేశాను. గీస్తున్నంతసేపూ దేవుడికి దండం పెట్టుకుంటూనే ఉన్నాను, ఒక్కసారి లోపలికి వచ్చేస్తే చాలు తండ్రీ, తర్వాత నేను చూసుకుంటాను అని.

పడకగదిలోంచి ఆయన్ని తీసుకొచ్చి నడవ తలుపు ముందు నిలబెట్టాను. ఆయన కిందికి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత ఆయన చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకునే ఆడదానిలా లుంగీ కాస్త పైకి పట్టుకుని, ఎక్కడా పిండి చెరగకుండా, గీత వెంబడే హాలు గోడ వారగా జాగ్రత్తగా చుట్టూ తిరిగి అవతలి పక్కన నిలబడ్డారు.

ముగ్గు తొక్కకూడదు. ఎప్పుడో గోదావరి ఒడ్డున వాళ్ళమ్మ నేర్పిన సంగతి. నా పేరు పోయింది, కూతురి పేరు పోయింది, ఆ ఇల్లు పోయింది, ముగ్గు తొక్కకూడదన్నది మాత్రం పోలేదు. ఇంట్లో మనవరాలి రంగు చాకుపీసులు ఉండగా, ఈ పిండి పట్టుకు కూర్చున్న నా తెలివిని ఏమనాలి? ఇల్లు గీశాననుకున్నాను, ఆయన కళ్ళకి వాకిట్లో ముగ్గు పెట్టాను. చెయ్యి పట్టుకుని లాగాను, బతిమాలాను, కదల్లేదు.

చివరికి నేనే తలుపు ఖాళీలోంచి లోపలికి వెళ్ళి, నడవ దాటి, అవ్వ గదిలో పొయ్యి మూలన, నా రాతి అరుగు గీసిన చోట, కింద చతికిలబడ్డాను. "రాండి, నేనిక్కడుండా" అని పిలిచాను. ఆయన గోడ వారగానే నడుచుకుంటూ నాకు దగ్గరగా ఉన్న గీత అవతలికి వచ్చారు. ఆయన మొహంలో ఏదో కదిలింది, నేను కళ్ళారా చూశాను. పొయ్యి దూలం ఉండాల్సిన చోటు కేసి పైకి చూశారు, మళ్ళీ నన్ను చూశారు.

"అక్కడ కూర్చోకండి" అన్నారు, ఎంతో మర్యాదగా. "ఏమీ అనుకోకండి. అది మా ఆవిడ చోటండి."

నేనే అని చెప్పచ్చు. లోగడ ఎన్నోసార్లు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఆయన బెదిరిపోయి నా మొహంలో ఎవరినో వెతుక్కున్నారు. నేల మీద చెయ్యి ఆనించి లేచాను.

ఆయన చొక్కా జేబులోంచి టిష్యూ పొట్లం తీశారు. గీత దాటకుండా, అవతల నుంచే బాగా వంగి, చెయ్యి చాపి, దాన్ని అరుగు మధ్యలో సర్ది పెట్టారు. వంగారు, అయితే గుమ్మం కోసం కాదు. "చలికి ఓర్చుకోలేదండి పాపం. వచ్చేస్తుంది" అని నాకు చెప్పి, పక్కనే నిలబడి కాపలా కాశారు.

ఇన్నేళ్ళూ నేను విసుక్కున్న కుర్చీ నాదే. ఆయన నాకోసమే దాన్ని ఆపుతున్నారు, నన్నే కూర్చోనివ్వకుండా.

అమ్మాయి వచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు, నేను ఫ్రిజ్‌కి ఆనుకుని ఉన్నాను. "ఏంటమ్మా ఇది?" అంది. నువ్వు పుట్టిన ఇల్లు అన్నాను. అది చెప్పులు విప్పి, సంచీ భుజానే ఉంచుకుని, వాళ్ళ నాన్నలాగే ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి చూసింది. నేను దానికేమీ నేర్పలేదు, ఎలా వచ్చిందో. అప్పుడు చెప్పాను, శనివారం నేనూ వస్తాను, ఆయన మంచం పక్కన రెండు కుర్చీలు పట్టే గది చూడాలి, ఒకటి ఆయనకి, ఒకటి ఖాళీగా ఉండాలి అని. అది నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు అప్పటికి ఏడుపు అయిపోయింది.

హోమ్ చూసి వచ్చాము. శుభ్రంగా ఉంది, నర్సులు మంచివాళ్ళలాగే ఉన్నారు. గుమ్మాలు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు, ఎంత పొడగరికైనా తగలనంత ఎత్తు. మన కాలంలో ఇంట్లోకి వచ్చేవాళ్ళెవరైనా తల వంచి రావలసిందే, లోపలున్న మనిషి ఆ అడుగుల చప్పుడు విని ఒక మాట హెచ్చరించవలసిందే. ఇప్పుడు ఎవరికీ తల తగలదు, ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. మంచిదే కాబోలు. వచ్చే నెల ఆయన్ని తీసుకువెళతాము. నేను రోజూ వెళ్ళి మూడో కుర్చీ అడిగి తెచ్చుకుని కూర్చుంటాను.

నిన్న వంటింట్లోకి వెళుతూ, ఎన్నడూ వంగే అవసరం లేనిదాన్ని, నాకు తెలియకుండానే తల వంచాను. వెనకే ఆయన నిటారుగా నడిచి వచ్చారు. నేను "తల" అనలేదు.